గ్రాఫిక్స్ సంజీవని: ఒక స్టిక్కరుకు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు మల్లినాథ సూరి దొరికాడు. మెదక్ సీమలోని కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన ఆ కోలాచలం పండితుడు రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘసందేశానికీ సంజీవని పేరుతో వ్యాఖ్య రాశాడు. రాస్తూ తనకు తానే రెండు కట్టుబాట్లు విధించుకున్నాడు: ఆధారం లేనిది రాయకూడదు, అక్కర లేనిది చెప్పకూడదు. గాజు తలుపు వెనక రంగురంగుల దీపాలతో వెలిగే రెడీమేడ్ కంప్యూటరు మీద అతికించే స్టిక్కరుకు మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత దొరకలేదు. పైగా ఆ స్టిక్కరు కర్త మల్లినాథుడి కట్టుబాట్లను సరిగ్గా తిరగేసి పాటిస్తాడు. అక్కర లేనిది పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అక్కర ఉన్నది అసలు ఉండదు. కావ్యం బోధపడకపోతే పాఠకుడికి పోయేది ఒక సాయంత్రం. స్టిక్కరు బోధపడకపోతే పోయేది ఇంటిల్లిపాదీ కూడబెట్టిన సొమ్ము. కనుక వ్యాఖ్య అవసరం ఇక్కడే ఎక్కువ.

మూలం

గేమింగ్ పీసీ, ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ,
ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డ్, ఆర్‌జీబీ క్యాబినెట్, విత్ ఎస్‌ఎంపీఎస్.

ఈ పంక్తి ఏ ఒక్క అంగడిదీ కాదు. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్లోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్లోనైనా, ఆన్‌లైన్ దుకాణాల్లోనైనా ఇలాంటి రచనే కొద్దిపాటి తేడాలతో కనబడుతుంది. కర్త అజ్ఞాతుడు. ఛందస్సు లేదు. రసం మాత్రం ఒక్కటే, అద్భుతం.

ప్రతిపదార్థం

గేమింగ్ పీసీ = ఆటలాడుకొనుటకు తగినదని అమ్మువానిచే చెప్పబడు పెట్టె; ఐ5 ప్రాసెసర్ = 2009 మొదలుకొని వచ్చిన పదునాలుగు తరములలో ఏదో ఒక తరమునకు చెందిన ఇంటెల్ చిప్పు; 16 జీబీ ర్యామ్ = ఒక్క స్టిక్కో, రెండు స్టిక్కులో తెలియరాని మెమరీ; 512 జీబీ ఎస్‌ఎస్‌డీ = నాలుగైదు పెద్ద ఆటలు ఎక్కించగానే నిండిపోవు చోటు; ఆర్‌టీఎక్స్ = కాంతికిరణముల పోకడను లెక్కగట్టు హంగు కలదని తెలుపుటకు ఎన్‌విడియా కంపెనీ 2018 నుండి తన కార్డులకు తగిలించుచున్న బిరుదు; 3050 = ముప్పదవ శ్రేణిలో ఏబదవ మెట్టు, అనగా డెస్క్‌టాపు కార్డులలో ఆ శ్రేణికి అడుగు మెట్టు; గ్రాఫిక్స్ కార్డ్ = తెరపై బొమ్మలు గీయునది; ఆర్‌జీబీ క్యాబినెట్ = ఎరుపు, ఆకుపచ్చ, నీలి దీపములు గల రేకుపెట్టె; విత్ ఎస్‌ఎంపీఎస్ = పైవాటికన్నిటికి కరెంటు పంచు డబ్బాతో కూడ (అది ఎన్ని వాట్లదో, ఎవరు చేసినదో మూలమున లేదు).

టీక

తర్కసంగ్రహం చదువుకున్నవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. మాటలు వరసగా పేర్చినంత మాత్రాన వాక్యం కాదు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటే వినేవాడికి నాలుగు ప్రాణులు తడతాయే తప్ప సంగతేమిటో తెలియదు. వాక్యార్థం తెలియాలంటే మూడు కావాలి. ఒక మాట ఇంకో మాటను కోరుకోవాలి, అది ఆకాంక్ష. కోరుకున్న మాటతో పొత్తు కుదరాలి, అది యోగ్యత. నిప్పుతో తడుపుతున్నాడు అంటే పొత్తు కుదరదు. ఆ మాటలు ఒకదాని వెంట ఒకటి దగ్గరగా రావాలి, అది సన్నిధి. పూటకో మాట చొప్పున చెబితే అన్వయం చెడుతుంది. మన మూలాన్ని ఈ గీటురాయి మీద గీసి చూస్తే అది ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు కోవలోకే వస్తుంది. అందులో ఏడు పేర్లున్నాయి, వాక్యం లేదు. ఈ వ్యాఖ్య ప్రతిపాదించే సిద్ధాంతం ఒక్కటే: రెడీమేడ్ కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డుకు దాని పేరులో అర్థం లేదు, పెట్టెలోని మిగతా వస్తువులతోనూ కొనేవాడి పనితోనూ కలిసినప్పుడే అర్థం ఏర్పడుతుంది. అందుచేత ఈ కార్డు మంచిదేనా అని అడిగినవాడికి సరైన జవాబు ఎవరూ ఇవ్వలేరు. ఈ పెట్టెలో, ఈ పనికి, ఈ కార్డు పొసగుతుందా అని అడిగితే జవాబు దొరుకుతుంది.

ఆకాంక్ష, పాఠాంతరాలు

ముందు ఆకాంక్ష. ఆర్‌టీఎక్స్ 3050 అన్న మాట వినగానే రావలసిన ప్రశ్న, ఏ 3050 అని. ఎందుకంటే ఈ పదం శ్లేష. 2022 జనవరిలో అంగట్లోకి వచ్చిన 3050కి 8 జీబీ మెమరీ, 2,560 కోర్లు (లెక్కలు కట్టే చేతులు), 128 బిట్ల మెమరీ దారి, 130 వాట్ల కరెంటు ఖర్చు. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో వచ్చిన 3050కి 6 జీబీ మెమరీ, 2,304 కోర్లు, 96 బిట్ల దారి, 70 వాట్ల ఖర్చు. మొదటిది సెకనుకు 224 జీబీ సమాచారాన్ని మెమరీ నుంచి తెచ్చుకోగలిగితే రెండోది 168 జీబీ దగ్గర ఆగిపోతుంది, అంటే పావు వంతు తక్కువ. స్టిక్కరు కర్తకు రెండూ 3050లే. ఈ రెండో కార్డును రెండు జీబీలు తగ్గిన మొదటి కార్డు అనుకుంటే పొరపాటు. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లూ దారీ కూడా. సోనా మసూరి అన్న పేరు చూసి, పాతవా కొత్తవా అని అడగకుండా బస్తా కొనే ఇల్లాలు తెలుగునాట ఉండదు. బియ్యం దగ్గర చూపించే ఆ జాగ్రత్త అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన కార్డు దగ్గర ఎందుకు సడలాలి?

ఈ శ్లేష ఒక్కసారి జరిగిన ప్రమాదం కాదు, పాత అలవాటు. 2014లో వచ్చిన జీటీ 730 అన్న పేరు కింద మూడు వేరు వేరు కార్డులున్నాయి. ఒకటి 96 కోర్లది, మిగతా రెండూ 384 కోర్లవి. ఆ రెండింటిలోనూ డీడీఆర్3 మెమరీ ఉన్నది సెకనుకు 14.4 జీబీ తెస్తే, జీడీడీఆర్5 ఉన్నది 40 జీబీ తెస్తుంది. 2016 నాటి జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ అని రెండు పాఠాలుంటే, చాలామంది తేడా మెమరీలోనే అనుకున్నారు. నిజానికి చిన్నదానిలో 1,152 కోర్లు, పెద్దదానిలో 1,280. ఇక 2022 సెప్టెంబరులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది, 16 జీబీది 9,728 కోర్లతో, 12 జీబీది 7,680 కోర్లతో. ఇవి రెండూ ఒకే పేరుకు ఎలా తగుతాయని గగ్గోలు పుట్టాక అక్టోబరులో 12 జీబీ కార్డును వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో దాన్నే 4070 టీఐ అన్న పేరుతో అమ్మింది. గ్రంథంలోని ఒక శ్లోకం ప్రక్షిప్తమని పరిష్కర్త తేల్చడం చూశాం. కర్తే ఒప్పుకుని తీసేసిన సందర్భం ఇది. పేరు మారిస్తే కార్డు మారలేదు. కనుక పేరు కార్డును నిర్వచించదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ ఒక శంక. పేరు కాకపోతే జీబీ చూస్తే సరిపోదా, ఎక్కువ జీబీ ఉన్నదే ఎక్కువ కార్డు కదా? కాదు. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్ అని మాత్రమే రాసి పైన చెప్పిన జీటీ 730ని పెట్టెలో పెట్టి అమ్మేవాళ్లున్నారు. మెమరీ ఎంత ఉన్నా దాన్ని చేరే దారి ఇరుకైతే, గీసే చెయ్యి బలహీనమైతే ఆ 4 జీబీ ఉత్త అలంకారమే. మరికొందరు విండోస్ చూపించే షేర్డ్ మెమరీని కూడా కార్డు మెమరీలో కలిపి చెబుతారు. అది కార్డుది కాదు, అవసరమైతే ర్యామ్ నుంచి అప్పు తెచ్చుకోగలిగిన హద్దు మాత్రమే. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరు, కార్డున్నా లేకున్నా, అందులో సగం దాకా షేర్డ్ మెమరీగా చూపిస్తుంది. అప్పును ఆస్తిలో కలిపి చెప్పడం లెక్క కాదు. అలాగని మెమరీ ముఖ్యం కాదని కాదు. ఎంత కావాలో పని చెబుతుంది, అది ఫలవిచారంలో వస్తుంది.

యోగ్యత

కార్డుకు కరెంటుతో పొత్తు కుదరాలి. మదర్‌బోర్డు స్లాటు కార్డుకు ఇవ్వగలిగింది 75 వాట్లు. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ ఇంకో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తుంది. 130 వాట్ల 3050కి ఆ తీగ తప్పదు, 70 వాట్ల 3050 సాధారణంగా స్లాటుతోనే సరిపెట్టుకుంటుంది. ఇక ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్ల అంకెను యథాతథంగా నమ్మకూడదు. కార్డు, ప్రాసెసర్ రెండూ ప్రధానంగా తినేది 12 వోల్టుల కరెంటే. డబ్బా పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి పన్నెండుతో గుణించాలి. పైన 450 వాట్లు అని పెద్దగా ఉండి, ఆ వరసలో 16 ఆంపియర్లే ఉంటే దక్కేది 192 వాట్లు. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర ఉందా అని అడగడం మంచిదే గాని, ఆ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే తప్ప డబ్బా ఎంతకాలం మన్నుతుందో చెప్పదు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్ పక్కన పెద్ద కార్డు పెట్టడం, నిప్పుతో తడపడం వంటి వాక్యమే.

ఇక్కడే తక్కువ కార్డు ఎక్కువ అవుతుంది. పైన చిన్నచూపు చూసిన 6 జీబీ 3050కి కంపెనీ సిఫారసు చేసే ఎస్‌ఎంపీఎస్ 300 వాట్లది, 8 జీబీ కార్డుకు 550 వాట్లది. ఇప్పటికే ఉన్న చిన్న ఆఫీసు కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి వీల్లేనిదైతే, ఆ వాక్యంలో పొసగేది 6 జీబీ కార్డే. అదే కార్డును పెద్ద ఎస్‌ఎంపీఎస్ ఉన్న కొత్త గేమింగ్ పెట్టెలో 8 జీబీ దాని ధరకు అమ్మితే అది మోసం. కార్డు మారలేదు, వాక్యం మారింది. మా సిద్ధాంతానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

తెరతోనూ పొత్తు కుదరాలి. 1920 × 1080 మానిటర్లో 20,73,600 చుక్కలుంటాయి. 2560 × 1440లో 36,86,400. 4కే అని పిలిచే 3840 × 2160లో 82,94,400, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. కార్డు సెకనుకు అరవై సార్లు ఈ చుక్కలన్నిటికీ రంగు వెయ్యాలి. ఆ 3050ని మామూలు తెర ముందు పెడితే సెట్టింగులు కాస్త తగ్గించి గౌరవంగా నెట్టుకొస్తుంది. 4కే తెర ముందు కొత్త ఆటలకు పెడితే నాలుగింతల చాకిరీ కింద కూలబడుతుంది. కార్డును, తెరను వేరు వేరుగా మెచ్చుకుని కొన్నవాళ్లు తరవాత రెండింటినీ తిట్టుకుంటారు. తప్పు రెండింటిదీ కాదు, పొత్తుది.

సన్నిధి

ఇప్పుడు దగ్గరతనం. కార్డు, ప్రాసెసర్ మాట్లాడుకునే దారిని లేన్లలో లెక్కపెడతారు. 2022 జనవరిలో ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అన్న కార్డుకు ఉన్నవి నాలుగు లేన్లే. కొత్త తరం, అంటే పీసీఐఈ 4 స్లాటులో పెడితే ఆ నాలుగుతోనే నెట్టుకొస్తుంది. పీసీఐఈ 3 దగ్గరే ఆగిన బోర్డులో, ఉదాహరణకు ఇంటెల్ పదో తరం ప్రాసెసర్ ఉన్న పెట్టెలో పెడితే ఆ దారి సగమైపోతుంది. అసలే 4 జీబీ మెమరీ కనుక అది నిండినప్పుడల్లా ఆ ఇరుకు దారినే నమ్ముకోవాలి, ఆట తడబడుతుంది. పాత బోర్డు, కొత్త కార్డు కలిపి చవకగా అమ్మే పెట్టెల్లో ఈ దోషం స్టిక్కరు మీద ఎన్నటికీ కనబడదు. ఇంకో సన్నిధి దోషం మరీ చిన్నది, మరీ విరివి: మానిటర్ తీగను కార్డు వెనకాల కాక పైనున్న మదర్‌బోర్డు రంధ్రంలో గుచ్చడం. ప్రాసెసర్లో సొంత గ్రాఫిక్స్ ఉంటే తెర మామూలుగానే వెలుగుతుంది, ఖరీదైన కార్డు మాత్రం పని లేక కూర్చుంటుంది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అన్న అక్షరం ఉంటే, 12400ఎఫ్ లాగా, దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు కనుక తెర అసలు వెలగదు, తప్పు వెంటనే బయటపడుతుంది.

ఫలవిచారం

మీమాంసకులు వాక్యానికి తాత్పర్యం తేల్చేటప్పుడు ఫలం చూడమంటారు. ఈ కంప్యూటరు దేనికి? ట్యాలీ లెక్కలకు, ఉత్తరాలకు, సినిమాలకు అయితే గ్రాఫిక్స్ కార్డు ఆ వాక్యంలో వ్యర్థపదం. రైజెన్ 5600జీ వంటి ప్రాసెసర్‌లో ఉన్న సొంత గ్రాఫిక్సే జీటీ 730ని సునాయాసంగా మించుతుంది. దానికి తోడు ఆ కార్డు పెట్టడమంటే డబ్బిచ్చి వేగం తగ్గించుకోవడమే. ఆటలకైతే లెక్క వేరు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఏఐ మోడళ్లతో పని చేయాలంటే ఇంకో లెక్క. ఎనిమిది వందల కోట్ల పరామితులున్న మోడల్‌ను పరామితికి రెండు బైట్ల చొప్పున ఎక్కిస్తే 16 జీబీ కావాలి, అర బైటుకు కుదిస్తే 4 జీబీ, పై ఖర్చులు అదనం. ఇక్కడ పాతది కొత్తదాన్ని మించగలదు. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 అసలు పాఠంలో 12 జీబీ మెమరీ, సెకనుకు 360 జీబీ దారి ఉన్నాయి. 2023లో వచ్చిన 4060లో 8 జీబీ, 272 జీబీ. అయినా ఆటల్లో 4060దే పైచేయి, పైగా ఖర్చు 170 వాట్లకు బదులు 115 వాట్లే. ఆ పైచేయికి ఒక కారణం, చిప్పులోనే ఉండే చిన్న మెమరీ, అంటే క్యాష్, 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెరగడం. కనుక ఆటగాడికి 4060, మోడళ్లు ఎక్కించే విద్యార్థికి 3060 అని తీర్పు. రెండు తీర్పులూ నిజమే, ఎందుకంటే వాక్యాలు రెండు.

అర్థవాదం

వేదవాక్యాల్లో విధి వేరు, పొగడ్త వేరు అని మీమాంసకులు విడదీశారు. చెయ్యమని చెప్పేది విధి, దాన్ని ఆకాశానికెత్తేది అర్థవాదం. అర్థవాదానికి ఉత్సాహం కలిగించడమే పని, దాన్ని అక్షరాలా పట్టుకోకూడదు. గేమింగ్ పీసీ, ఆర్‌జీబీ క్యాబినెట్ అన్న మాటలు మన మూలంలో అర్థవాదాలు. దీపాలు ఒక్క ఫ్రేమును, అంటే కార్డు తెర మీద గీసే ఒక్క బొమ్మను కూడా పెంచవు. ముందువైపు గాజుతో మూసిన క్యాబినెట్ గాలి ఆడనివ్వక కార్డును వేడెక్కించి ఫ్రేములను తగ్గించవచ్చు కూడా. పెద్దవాళ్ల అర్థవాదం పెద్దగానే ఉంటుంది. 2025 జనవరిలో లాస్ వేగాస్ సీఈఎస్ ప్రదర్శనలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 పాత 4090తో సమానమైన పనితనం ఇస్తుందని చెప్పారు. 5070లో 6,144 కోర్లు, 12 జీబీ మెమరీ ఉన్నాయి. 4090లో 16,384 కోర్లు, 24 జీబీ. ఆ సమానత కార్డు నిజంగా గీసిన ఫ్రేముల మధ్య ఏఐతో కల్పించిన ఫ్రేములను కూడా లెక్కలో కలిపితే వచ్చింది. కల్పించిన ఫ్రేములు కంటికి నునుపుదనం ఇస్తాయి, కాదనలేం. కాని మీట నొక్కితే ఆట స్పందించే వేగాన్ని అవి పెంచవు, మెమరీ చాలకపోతే ఆదుకోవు. అందుచేత ఎఫ్‌పీఎస్ అంకె, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క, ఎక్కడ కనబడినా, ఏ ఆటలో, ఏ తెర మీద, ఏ సెట్టింగులో, కల్పిత ఫ్రేములు కలిపా కలపకా అని నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. అంగట్లో జీటీఏ 5 ఆడించి చూపిస్తే మురిసిపోనక్కరలేదు, అది పీసీకి వచ్చింది 2015లో.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి పూర్వపక్షి అంటాడు: ఇదంతా చిన్న అంగళ్ల సంగతి, పేరున్న కంపెనీ పెట్టె కొంటే వ్యాఖ్య అక్కరలేదు. సమాధానం: పేరున్న కంపెనీ చేసిన పెట్టెలో కార్డు నకిలీ కాదన్నంతవరకు నిజం. కాని అక్కడ వేరే చిక్కులున్నాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత పెట్టింది. ఏ కంపెనీ ఎస్‌ఎంపీఎస్ అయినా ఏ క్యాబినెట్లోనైనా ఇమిడేలా చేసిన కొలత అది. కొన్ని పెద్ద కంపెనీలు తమ రెడీమేడ్ పెట్టెల్లో దాన్ని పాటించవు. బోర్డు తమదే, పిన్నులు తమవే, డబ్బా ఆకారమూ తమదే. ఇక పేరున్న కంపెనీ చెప్పిన అంకె కూడా వ్యాఖ్యకు అతీతం కాదు. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970కి 4 జీబీ మెమరీ అని రాశారు. అందులో 3.5 జీబీ వేగంగానూ, చివరి అర జీబీ చాలా నెమ్మదిగానూ పని చేస్తుందని 2015 మొదట్లో బయటపడింది. అమెరికాలో కొన్నవాళ్లు దావా వేస్తే 2016లో కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇవ్వడానికి రాజీ కుదిరింది.

రెండో పూర్వపక్షి అంటాడు: ఇప్పటికి ఏదో ఒక కార్డుతో తీసుకుని తరవాత మార్చుకోవచ్చు కదా. సమాధానం: మార్చుకోగలగడం కూడా ఈ రోజే కొనే గుణం, రేపు పుట్టేది కాదు. ఎస్‌ఎంపీఎస్‌లో మిగులు వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ, క్యాబినెట్లో కార్డు పొడవుకు చోటు, మామూలు ఏటీఎక్స్ కొలత, ఈ నాలుగూ ఉంటేనే రేపటి మాట నిజమవుతుంది. సన్నటి క్యాబినెట్లో సగం ఎత్తు కార్డులు తప్ప పట్టవు. తరవాత అన్న మాటతో ఇవాళ అమ్ముతున్న అంగడి, ఆ తరవాతకు దారి మూసిన పెట్టెనే అమ్ముతుంటే అది వాగ్దానం కాదు.

మూడో పూర్వపక్షి అంటాడు: అన్ని గేమ్స్ నడుస్తాయి సార్ అని అంగడివాడు చెప్పాడు, అనుభవజ్ఞుడి మాట ప్రమాణం కాదా? సమాధానం: శబ్దం ప్రమాణమే, కాని చెప్పేవాడు ఆప్తుడైనప్పుడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు, చెప్పడంలో స్వలాభం లేనివాడు ఆప్తుడు. అంగడివాడు మంచివాడే అయినా ఈ నిర్వచనానికి సరిపోడు. అందుకే శబ్దాన్ని ప్రత్యక్షంతో సరిచూడాలి. డబ్బు ఇవ్వకముందు పెట్టె ఆన్ చేయించి, విండోస్ టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్ భాగంలో జీపీయూ దగ్గర డెడికేటెడ్ మెమరీ ఎంతో చూడాలి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ కోర్ల సంఖ్య, మెమరీ రకం, దారి వెడల్పు, లేన్లు అన్నీ ఒక్క కిటికీలో చూపిస్తుంది. పాత చిప్పుకు కొత్త పేరు ఎక్కించిన కార్డులను పట్టుకునే సౌకర్యం అందులో 2018 నుంచి ఉంది. కార్డు వాడినదేమో కూడా అడగాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో నాణేలు తవ్వడానికి కార్డులు అక్కరలేకుండా పోయినప్పుడు రాత్రింబవళ్లు పని చేసిన కార్డులెన్నో సెకండ్ హ్యాండ్ అంగళ్లకు చేరాయి. కొత్తదైతే కార్డు సొంత అట్టపెట్టె, సీరియల్ నంబరు ఉండాలి. అవి లేకుండా వచ్చే కంపెనీ రెడీమేడ్ పెట్టెలో వారంటీ ఇచ్చేది కార్డు చేసినవాళ్లు కాక పెట్టె తయారీదారే అని గుర్తుంచుకోవాలి.

నాలుగో పూర్వపక్షి అన్నిటికన్నా బలమైనవాడు. అతనంటాడు: పిల్లాడికి కంప్యూటరు కొనబోయే గుమాస్తాకు బిట్లు, లేన్లు, ఆంపియర్లు ఎందుకు? ఇంత వ్యాఖ్య చదివితేనే కొనగలిగిన వస్తువు అమ్మడమే అన్యాయం కాదా? ఈ మాటలో సగం ఒప్పుకోవలసిందే. పేర్లను ఇలా కలగాపులగం చేయడం తయారీదారుల తప్పు, కొనేవాడిది కాదు. ఒకే పేరుకు ఒకే కార్డు అన్న చిన్న నియమం పాటిస్తే ఈ టీకలో మూడో వంతు అవసరమే ఉండేది కాదు. కాని రెండో సగం ఒప్పుకోలేం. ఈ కొలతలన్నీ కొనేవాడు కంఠస్థం చేయనక్కరలేదు, అమ్మేవాడి చేత కాగితం మీద రాయిస్తే చాలు. పండితుడు కావలసిన బరువు అప్పుడు అమ్మేవాడి మీద పడుతుంది. రాసినదానికి, పెట్టెలో ఉన్నదానికి తేడా వస్తే అడగడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. నోటిమాటను రుజువు చేయడం కష్టం, బిల్లును కాదనడం కష్టం.

తాత్పర్యం

స్టిక్కరు మీది పేరు కార్డును తెలుపదు. మెమరీ ఎంత, ఏ రకం, దారి ఎన్ని బిట్లు అన్నవి తెలిస్తే ఆకాంక్ష తీరును. ఎస్‌ఎంపీఎస్, మానిటర్ దానికి సరిపోతే యోగ్యత కుదురును. బోర్డు, తీగ సరిగా ఉంటే సన్నిధి కుదురును. పని ఏదో తేలితే ఫలము తెలియును. ఈ నాలుగూ తెలియక ఇచ్చిన ధర, అర్థం తెలియక చేసిన పారాయణము వంటిదని భావము. కనుక చదువరులారా, కొనేముందు బిల్లు మీద ఆరు సంగతులు రాయించుకోండి: కార్డు కంపెనీ, పూర్తి మోడల్ పేరు, మెమరీ జీబీలు, మెమరీ రకం, సీరియల్ నంబరు, ఎస్‌ఎంపీఎస్ మోడల్. రాసిచ్చే అంగట్లో నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనండి. రాయనన్న అంగట్లో సగం ధరకిచ్చినా కొనవద్దు.